"గురించి" అనడానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలా? అర్జీలో ఏది ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: టైపుసెంటర్ అక్క, అనంతపురం

కలెక్టరేటుకు నడిచి వెళ్లేంత దూరంలో మాకు టైపింగ్, జిరాక్సు దుకాణం ఉంది. సోమవారం వచ్చిందంటే ఊపిరాడదు. ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వడానికి కళ్యాణదుర్గం నుంచి, ఉరవకొండ నుంచి, శింగనమల నుంచి జనం మొదటి బస్సుకే దిగుతారు. వేరుశనగ బీమా సొమ్ము పడలేదని ఒకరు, పాసు పుస్తకంలో సర్వే నంబరు తప్పు పడిందని ఒకరు, పింఛను ఆగిపోయిందని ఒకరు, అన్నదమ్ముల గట్టు తగాదా అని ఇంకొకరు. జిల్లా కష్టాలన్నీ నా కీబోర్డు మీదుగానే లోపలికి వెళ్తాయి.

తెలుగు అర్జీతో నాకు ఇబ్బంది లేదు. "విషయం:" అని కొట్టి, సంగతి రాసి, చివర "గురించి" అని పెడితే చాలు. తంటా అంతా ఇంగ్లీషు అడిగేవాళ్లతోనే. బ్యాంకుకు లేఖ, బీమా కంపెనీకి లేఖ, బెంగళూరు ఆఫీసుకు పిల్లవాడి అనుభవ ధ్రువపత్రం కోసం లేఖ. మనకు ఒక్క "గురించి" సరిపోతుంది, మహా అయితే "విషయమై", "సంబంధించి". ఇంగ్లీషులో మాత్రం "అబౌట్", "ఆన్", "రిగార్డింగ్", "కన్సర్నింగ్", "విత్ రిగార్డ్ టు", "యాజ్ రిగార్డ్స్", "విత్ రిఫరెన్స్ టు", "విత్ రెస్పెక్ట్ టు", "ఇన్ రెస్పెక్ట్ ఆఫ్", "ఇన్ కనెక్షన్ విత్", "రీ". నేను టైపు హయ్యర్ పాసైన మనిషిని. ఈ మాటలన్నీ వేళ్లకు వచ్చు. కానీ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో వేగం చూస్తారు, తప్పులు లెక్కపెడతారు, అర్థం ఎవరూ అడగరు.

ఈ మధ్య జరిగినవి చెబుతాను. నూనె మిల్లు యజమాని ఒకాయన తన బ్యాంకుకు మొదటిసారి లేఖ రాయిస్తూ, "విత్ రిఫరెన్స్ టు" అని మొదలుపెడితేనే బరువుగా ఉంటుందని పట్టుబట్టాడు. "రిగార్డింగ్" చాలు కదన్నా అంటే వినలేదు. బ్యాంకులో అది చదివి, "ఏ రిఫరెన్సు? పాత ఉత్తరం నకలు ఏదీ?" అని అడిగారట. ఆయన అక్కడ నోరు మూసుకుని ఇక్కడికొచ్చి నోరు చేసుకున్నాడు. ఇంకోసారి, పింఛను తీసుకునే పెద్దాయన లేఖ పైన "రీ" ఉండాల్సిందే అన్నాడు. పక్కనే కూర్చున్న ఇంజినీరింగ్ అబ్బాయి, "అది జవాబు ఇచ్చేటప్పుడు పెట్టేది తాతా, రిప్లైకి పొట్టి రూపం" అన్నాడు. కాదు, రిగార్డింగ్‌కు పొట్టి రూపం అని ఈయన. ఇద్దరూ నా వైపు తిరిగి తీర్పు చెప్పమన్నారు. నేను జిరాక్సు మిషను వైపు తిరిగాను.

డిక్షనరీ చూడమని మాత్రం చెప్పకండి, చూశాను. "రిగార్డింగ్" అంటే "కన్సర్నింగ్" అంటుంది, "కన్సర్నింగ్" అంటే "అబౌట్" అంటుంది, చుట్టూ తిప్పి మళ్లీ "రిగార్డింగ్" దగ్గర దించుతుంది. నాకు కావాల్సింది ఒక్కటే. వీటిలో నిజంగా తేడా ఉందా, లేక అన్నీ ఒకటేనా? పెద్ద మాట పెడితే పని తొందరగా అవుతుందని మా దగ్గరికి వచ్చేవాళ్ల నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. కానీ డబ్బు ఇచ్చేది వాళ్లు.


జవాబు: పాత సూపరింటెండెంటు, కడప

అమ్మా, ఆ బ్యాంకు ఉద్యోగి అడిగిన ప్రశ్న న్యాయమైనది. నేను రెవెన్యూ ఆఫీసుల్లో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ని, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ని.

మా జిల్లా ఆఫీసుల్లో కాగితాల నడక అంతా టాటెన్‌హాం పద్ధతి. లోపలికి వచ్చిన ప్రతి కాగితాన్నీ "కరెంటు" అంటాం. దానికో నంబరు పడుతుంది, ఒక గుమాస్తా పేరున రిజిస్టరుకు ఎక్కుతుంది. ఇప్పుడు ఫైళ్లు కంప్యూటర్‌లోకి వెళ్లినా ఆ బుద్ధి పోలేదు. "విత్ రిఫరెన్స్ టు" అని చదవగానే గుమాస్తా చెయ్యి పాత ఫైలు వైపు పోతుంది. ఆ మాటకు అర్థం "ఫలానా కాగితాన్ని చూసి ఇది రాస్తున్నాను" అని. కాబట్టి దాని వెనుక ఒక కాగితం ఉండాలి, దానికి నంబరో తేదీయో ఉండాలి. "మీ ఫలానా నంబరు, ఫలానా తేదీ లేఖకు" అని రాయగలిగితే ఆ మాట పెట్టండి. రాయలేకపోతే పెట్టకండి. బరువు కోసం పెడితే, చదివేవాడు లేని కాగితాన్ని వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటలో మీ మిల్లాయన లేఖ అడుగున పడుతుంది.

అర్జీ పైభాగంలో రెండు గడులు ఉంటాయి చూడండి. "విషయం", దాని కింద "సూచిక". ఇంగ్లీషులో "సబ్జెక్ట్", "రిఫరెన్స్". మీరు అడిగిన మాటల్లో సగం ఈ రెండింటి మధ్య పంచుకోవచ్చు. "రిగార్డింగ్", "కన్సర్నింగ్", "అబౌట్" విషయం గడివి. "విత్ రిఫరెన్స్ టు" సూచిక గడిది. సూచిక గడి ఖాళీగా ఉన్న లేఖలో ఆ మాటకు చోటు లేదు.

విషయం గడి చివర వచ్చే తోక ముక్క సంగతి కూడా చెప్పాలి. ప్రభుత్వ ఉత్తర్వు విషయం చూస్తే పెద్ద శాఖ పేరుతో మొదలై, గీతలు పెట్టుకుంటూ చిన్న అంశానికి దిగి, చివర "ఆర్డర్స్ – ఇష్యూడ్" అని ముగుస్తుంది. అంటే పని అయిపోయింది, ఆజ్ఞ వచ్చేసింది. మామూలు లేఖ చివర "రిగార్డింగ్" అని, లేదా "రెగ్." అని ఉంటుంది. అంటే సంగతి ఇంకా తేలలేదు, నడుస్తోంది. అనుభవం ఉన్న గుమాస్తా ముందు ఆ తోకనే చూస్తాడు. తెలుగు అర్జీల్లో "భూమి – ఆన్‌లైన్‌లో పేరు నమోదు – గురించి" అని గీత తరువాత ఒంటరిగా వేలాడే "గురించి" ఈ "రెగ్." కు నకలే. తెలుగు వాక్యంలో గురించి ముందు ఒక నామం ఆనుకుని ఉండాలి, గీత కాదు. నాకు ఆ వేలాడదీత సర్వీసులో చేరిననాటి నుంచీ గిట్టదు. అయినా మీరు మార్చకండి, ఆఫీసు కళ్లకు అది అలవాటైన గుర్తు.

"విత్ రిగార్డ్ టు" దగ్గర ఒక్క జాగ్రత్త. చివర "స్" పెట్టకూడదు. "యాజ్ రిగార్డ్స్" లో "స్" ఉంటుంది, ఎందుకంటే అక్కడ అది క్రియ. లేఖ చివర "విత్ రిగార్డ్స్" లో ఉంటుంది, ఎందుకంటే అది నమస్కారం. ఈ రెండూ కలిసి మధ్యలో ఉన్న అమాయకపు మాటకు తోక తగిలించాయి. "విత్ రిగార్డ్స్ టు ద మేనేజర్" అని మొదలుపెడితే మేనేజరుగారికి నమస్కారాలతో అని చదువుకోవాలి.

నమస్కారం అంటే గుర్తొచ్చింది. "ఇన్ రెస్పెక్ట్ ఆఫ్" లో గౌరవం ఏమీ లేదు. కలెక్టరుకు రాసే లేఖ కదా, రెస్పెక్ట్ ఉన్న మాట వేయమని అడిగేవాళ్లు నాకు తగిలారు, మీకూ తగులుతారు. మన ఆఫీసుల్లో అది పద్దుల మాట. మార్చి నెలకు రావలసిన జీతం బకాయి, ఫలానా సర్వే నంబరుకు చెల్లించిన శిస్తు, ఫలానా లబ్ధిదారుకు మంజూరైన సొమ్ము. ఇలా లెక్క ఒక్కొక్క పద్దు మీద తేలవలసిన చోట అది అందంగా ఇముడుతుంది. వీధి దీపాలు వెలగడం లేదని చెప్పడానికి దాన్ని పిలవనక్కరలేదు.

మనం ఇంత భక్తిగా పట్టుకు వేలాడే ఈ పొడుగు మాటల్ని ఇంగ్లీషువాళ్లే వదిలించుకోవాలని చూశారు. ఎర్నెస్ట్ గోవర్స్ అని వాళ్ల ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. ఖజానా శాఖ కోరిక మీద ఆయన గుమాస్తాల భాషను బాగుచేయడానికి 1948లో "ప్లెయిన్ వర్డ్స్" అనే చిన్న పుస్తకం రాశాడు. ఒక్క ముక్క సరిపోయే చోట మూడు ముక్కల మాట పెట్టడం అందులో ఆయన తప్పుపట్టిన వాటిలో ఒకటి. మనకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం. వాళ్లు వదులుకుంటున్న మూటను మనం నెత్తికెత్తుకుని ఇంకా దించలేదు.


జవాబు: బురుజు పక్క గుమస్తా, కర్నూలు

అక్కా, నేను కొండారెడ్డి బురుజుకు దగ్గరలో ఒక వకీలు దగ్గర గుమస్తాను. "రీ" తగాదాలో తాతా తప్పే, అబ్బాయీ తప్పే. అది ఆ రెండు మాటల్లో దేనికీ పొట్టి రూపం కాదు. లాటిన్‌లో "రెస్" అంటే విషయం, వస్తువు. దాని విభక్తి రూపం "రే", అంటే "విషయంలో". "ఇన్ రీ" అని పూర్తిగా రాస్తారు.

కోర్టులో ఇది రోజూ వాడే సరుకే. మామూలు కేసుకు ఇద్దరి పేర్లు ఉంటాయి, వాది ఒకవైపు, ప్రతివాది ఒకవైపు. ఎదుటి పక్షం లేని వ్యవహారానికి పేరు ఎలా పెట్టాలి? "ఇన్ రీ" అని మొదలుపెట్టి విషయం పేరే పెడతారు. బెరుబారి ప్రాంతాన్ని పాకిస్తాన్‌తో పంచుకునే ఒప్పందాన్ని ఎలా అమలు చేయాలో చెప్పమని రాష్ట్రపతి 143వ అధికరణం కింద సుప్రీంకోర్టును అడిగారు. 1960లో వచ్చిన ఆ అభిప్రాయం పేరు "ఇన్ రీ: ద బెరుబారి యూనియన్". అంతకు ముందు 1958లో కేరళ విద్యా బిల్లు మీద వచ్చినదీ అంతే.

ఈమెయిల్‌లో కనిపించేదీ ఈ లాటిన్ ముక్కే. ఈమెయిల్ ఎలా ఉండాలో చెప్పే ఆర్‌ఎఫ్‌సి 5322 అనే సాంకేతిక ప్రమాణం, 2008 నాటిది, అందులో "రీ" అంటే "ఇన్ రీ" అని రాసే ఉంది. జవాబు ఇచ్చినప్పుడు "అదే విషయంలో" అని యంత్రం తానే ముందు తగిలిస్తుంది. జవాబులోనే చూసి చూసి, అది రిప్లై అని అందరూ అనుకుంటున్నారు. కాబట్టి తాతగారి కాగితం లేఖ మీద "రీ" ఉండవచ్చు, పాత పద్ధతి అంతే. మొదటిసారి పంపే ఈమెయిల్‌లో మాత్రం చేత్తో కొట్టకండి, అది పాత సంభాషణకు జవాబని చదివేవాళ్లు పొరబడతారు.

చట్టంలో ఎక్కువగా కనిపించేది "విత్ రెస్పెక్ట్ టు". రాజ్యాంగం 246వ అధికరణంలో, ఏడవ షెడ్యూలు జాబితాల్లోని అంశాల మీద చట్టాలు చేసే అధికారం పార్లమెంటుది ఏది, శాసనసభది ఏది అని చెప్పేచోట వాడిన మాట అదే. అంత పెద్ద చోట కూర్చున్న మాటను జిరాక్సు మిషను రిపేరు లేఖలో పెడితే బాగుండదు.

"ఇన్ కనెక్షన్ విత్" మాత్రం తెలిసి వాడాల్సిన మాట. దొంగతనం కేసులో ఒకరిని పట్టుకున్నారని ఇంగ్లీషు పేపర్లు రాసేటప్పుడు "అరెస్టెడ్ ఇన్ కనెక్షన్ విత్" అంటాయి. అతనే చేశాడని అనడం లేదు, ఆ కేసుతో ముడి ఉందని మాత్రమే. "ఫర్" అంటే నేరం అంటగట్టినట్టు వినిపిస్తుంది. మీ దగ్గరికి వచ్చేవాళ్లు పక్కింటివాడి మీద కోపంతో ఉన్నప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి, రేపు పరువునష్టం దావా అంటూ మా గడప తొక్కకుండా ఉంటారు. తొక్కినా మాకు నష్టం లేదనుకోండి.


టైపుసెంటర్ అక్క, అనంతపురం

సార్, అన్నా, ఇద్దరికీ నమస్కారం. కాగితం ఉంటేనే రిఫరెన్సు అన్న మాటను మిల్లాయనకు వినిపించాను. "అయితే ముందు బ్యాంకువాళ్ల చేత ఒక జవాబు రాయించుకుంటా, అప్పుడు పెట్టు" అన్నాడు. ఆయనకు ఆ మాట మీద ఉన్న మోజు అలాంటిది.

ఇంకో రెండు సంగతులు మిగిలిపోయాయి. "డిస్కస్ అబౌట్" తప్పు అంటారు. ఎందుకు తప్పు? "ఈ సమస్య గురించి చర్చించాం" అన్నదానిలో గురించి ఉంది కదా, దాన్ని ఎక్కడ పారేయాలి? రెండోది, జనం చేత్తో రాసుకొచ్చే చిత్తుప్రతుల్లో "కంప్లైంట్ ఆన్ వీఆర్వో" అని ఉంటుంది. అక్కడ "ఆన్" ఉంచాలా, "అబౌట్" చేయాలా? రోజూ తగిలేవి ఇవే, లాటిన్ కాదు.


జవాబు: ఇంగ్లీషు పంతులు, ప్రొద్దుటూరు

రోజూ తగిలేవి అడిగారు, సంతోషం. మొదటిదానికి సమాధానం మన తెలుగు వ్యాకరణంలోనే ఉంది. బడిలో బట్టీ పట్టిన విభక్తులు గుర్తు చేసుకోండి. ప్రథమా విభక్తి డు, ము, వు, లు. తరువాత ద్వితీయ: నిన్, నున్, లన్, కూర్చి, గురించి. చూశారా, మనవాళ్లు "ను" నీ "గురించి" నీ ఒకే గదిలో పెట్టారు. "సమస్యను చర్చించాం" అన్నా "సమస్య గురించి చర్చించాం" అన్నా మన చెవికి తేడా లేదు. ఇంగ్లీషుకు ఆ రెండూ వేరు. ఆ భాషలో "డిస్కస్" అనే క్రియ "ను" నే పుచ్చుకుంటుంది, "గురించి" ని దగ్గరికి రానివ్వదు.

అందుకని మా విద్యార్థులకు ఒక పరీక్ష చెబుతాను. ఆ క్రియకు తెలుగులో "ను" పెట్టి చూడండి. నోటికి సహజంగా వస్తే ఇంగ్లీషులో "అబౌట్" అక్కరలేదు. సమస్యను చర్చించాం, వస్తుంది. కాబట్టి వట్టి "డిస్కస్". మీ పేరును ప్రస్తావించారు, వస్తుంది. వట్టి "మెన్షన్". ఊరిని వర్ణించాడు, పరిస్థితిని వివరించాడు, అర్జీని పరిశీలించారు, విధానాన్ని విమర్శించారు. "డిస్క్రైబ్", "ఎక్స్‌ప్లెయిన్", "కన్సిడర్", "క్రిటిసైజ్", వీటిలో దేనికీ "అబౌట్" లేదు. ఇప్పుడు మాట్లాడు తీసుకోండి. "సమస్యను మాట్లాడాం" అనం. సమస్య గురించే మాట్లాడతాం. కాబట్టి "టాక్ అబౌట్", "స్పీక్ అబౌట్". బెంగపడటం కూడా అంతే, "కొడుకును బెంగపడింది" అనరు. "వర్రీ అబౌట్". రెండు రకాలుగా వచ్చే క్రియలకు ఇంగ్లీషులోనూ రెండు అర్థాలు ఉంటాయి. గాంధీని చదివాను అంటే ఆయన రాతలు చదివాను, గాంధీ గురించి చదివాను అంటే ఆయన మీద ఇతరులు రాసినవి చదివాను. "రెడ్ గాంధీ", "రెడ్ అబౌట్ గాంధీ" తేడా సరిగ్గా అదే.

ఇది క్రియకే. నామం అయితే నియమం మారుతుంది. "డిస్కషన్ అబౌట్", "డిస్కషన్ ఆన్" రెండూ నిక్షేపంగా ఒప్పు. తప్పు అక్కడి నుంచే పాకింది. చర్చకు ఉన్న ముక్కను తెచ్చి చర్చించుకు అంటించేశారు. "రిక్వెస్ట్ ఫర్" లోనూ ఇదే జరిగింది. నామంగా ఉన్నప్పుడు "ఫర్" ఉండాలి, క్రియగా ఉన్నప్పుడు ఉండకూడదు. మీ అర్జీల్లో ఈ మాట రోజుకు ఎన్నిసార్లు దొర్లుతుందో మీకే తెలియాలి.

ఇక "కంప్లైంట్ ఆన్ వీఆర్వో". ఇది "గురించి" తగాదా కాదు, "పై" తగాదా. మన "పై" చాలా పనులు చేస్తుంది. నీటి ఎద్దడిపై ఫిర్యాదు, వీఆర్వోపై ఫిర్యాదు. రెండుచోట్లా ఒకే "పై". కానీ మొదటిదానిలో ఎద్దడి విషయం మాత్రమే, రెండోదానిలో మనిషి ఎదుటి పక్షం. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీస్తుంది. విషయం అయితే "అబౌట్", ఎదుటి మనిషి అయితే "అగెనెస్ట్". కాబట్టి మీరు అడిగిన చోట "ఆన్" కాదు, చాలా వరకు "అబౌట్" కూడా కాదు, "కంప్లైంట్ అగెనెస్ట్". వీఆర్వో మీద నేరుగా ఆరోపణ లేదు, ఆయన ఆఫీసులో పని ఆలస్యమవుతోందని మాత్రమే చెప్పాలంటే "అబౌట్ ద డిలే" అని ఆలస్యాన్ని ముందుకు తెండి. అర్జీదారుకు రేపు అదే వీఆర్వోతో పని పడుతుంది కదా, మనిషిని వదిలి ఆలస్యాన్ని పట్టుకోవడం అతనికీ మంచిది. కేసు పెట్టినా "అగెనెస్ట్" దే పని. అతనిపై కోపం అంటే మాత్రం "యాంగ్రీ విత్", ఆమెపై ప్రేమ అంటే "లవ్ ఫర్". ఈ చివరిది మీ దుకాణంలో అంతగా అవసరం పడదనుకుంటాను.

మరి "ఆన్" కు చోటెక్కడ? నిలబడి, కుదురుగా, ఒక్క అంశం మీదే సాగే వ్యవహారానికి. నివేదిక, ఉపన్యాసం, పరిశోధన వ్యాసం, అభిప్రాయం, తీర్మానం. "రిపోర్ట్ ఆన్ డ్రాట్" అంటే కరవును కూలంకషంగా పరిశీలించిన నివేదిక. "అబౌట్" కు పాత ఇంగ్లీషులో మూలార్థం "చుట్టూ". ఇప్పటికీ ఆ వాసన పోలేదు, అది విషయం చుట్టుపక్కల తిరుగుతుంది, అందుకే కబుర్లకు, కథలకు బాగా పొసుగుతుంది. "బుక్ ఆన్ గ్రౌండ్‌నట్" అంటే వ్యవసాయ శాస్త్రవేత్త రాసినది అనిపిస్తుంది. "బుక్ అబౌట్ గ్రౌండ్‌నట్" పిల్లల బొమ్మల పుస్తకమైనా కావచ్చు.

"ఓవర్" పేపర్ల శీర్షికల్లో చూస్తుంటారు, తగవు ఉన్నచోట వస్తుంది. గట్టు తగాదాకు "డిస్ప్యూట్ ఓవర్" చక్కగా సరిపోతుంది. "ఆఫ్" కొన్ని క్రియలతో లోతు తగ్గిస్తుంది. "హర్డ్ ఆఫ్ హిమ్" అంటే ఆయన పేరు విన్నాను, "హర్డ్ అబౌట్ హిమ్" అంటే ఆయన సంగతులు విన్నాను. ఆసుపత్రి కాగితాల్లో "కంప్లైన్స్ ఆఫ్ చెస్ట్ పెయిన్" అని ఉంటుంది. రోగికి ఛాతీ నొప్పి ఉందని చెబుతున్నాడు అని మాత్రమే దాని అర్థం, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. బీమా క్లెయిములు టైపు చేసేటప్పుడు అక్కడ "ఆఫ్" తీసి "అబౌట్" పెట్టకండి.


పాత సూపరింటెండెంటు, కడప

పంతులుగారు చెప్పిన "డిస్కస్" కు ఆఫీసు సాక్ష్యం ఒకటి ఉంది. ఫైలు చదివి ఏదైనా నచ్చకపోతే పై అధికారి పక్కన "ప్లీజ్ డిస్కస్" అని రెండే ముక్కలు రాసి వెనక్కి పంపుతాడు. ఫైలు పట్టుకుని వెళ్లి నిలబడాలి. "అబౌట్" పెట్టిన అధికారి నాకు తగల్లేదు. మాట్లాడాలనుకుంటే "ప్లీజ్ స్పీక్" అంటారు. మొదటిదానికంటే రెండోది చూస్తేనే మాకు గుండె దడ. ఎందుకో చెబితే విషయం దారి తప్పుతుంది.


బురుజు పక్క గుమస్తా, కర్నూలు

పంతులుగారూ, మీ "ను" పరీక్షలో నాకో అనుమానం. మా వైపు "ఆ సంగతి ఆలోచిస్తాను", "ఆ విషయం మాట్లాడదాం" అని మామూలుగా అంటాం. గురించి లేదు. మరి "థింక్ ద మ్యాటర్", "టాక్ ద మ్యాటర్" అనవచ్చా?


ఇంగ్లీషు పంతులు, ప్రొద్దుటూరు

అనకూడదు. మీ వాక్యాల్లో "గురించి" లేదు, నిజమే, కానీ "ను" కూడా లేదు. ప్రాణంలేని వస్తువు పక్కన తెలుగు "ను" ను తరచూ మింగేస్తుంది, పుస్తకం చదివాను, అన్నం తిన్నాను అన్నట్టు. అందుకే పరీక్ష పెట్టేటప్పుడు దాన్ని పైకి పలికి చూడాలి. "పుస్తకాన్ని చదివాను" నిలబడుతుంది. "సంగతిని ఆలోచిస్తాను", "విషయాన్ని మాట్లాడదాం" అని చూడండి, మీ నోరే మొరాయిస్తుంది. మీరు మింగింది "ను" కాదు, "గురించి" ని. కాబట్టి "థింక్ అబౌట్", "టాక్ అబౌట్".

ఇంకో హెచ్చరిక. ఈ పరీక్ష "అబౌట్" అక్కరలేదని మాత్రమే చెబుతుంది, ఇంకేదీ అక్కరలేదని హామీ ఇవ్వదు. తాళంచెవిని వెతికాను అనడం మనకు సహజం, అయినా ఇంగ్లీషులో "సర్చ్ ఫర్" అనాలి. "ఫర్" లేకుండా "సర్చ్" అంటే తాళంచెవినే సోదా చేసినట్టు అవుతుంది.